వాస్తుశిల్పి వాల్టర్ బర్లీ గ్రిఫిన్

ఇల్లు కట్టి చూడమన్నారు మన పెద్దలు. కట్టించుకొనేవాని శ్రమ ఎంతటిదో ఆ నానుడి వల్ల తెలుస్తుంది. కాని ఆ ఇంటిని ముందుగా మనస్సులో నిలిపి, కాగితంపై రూపు కట్టే వాస్తుశిల్పి శ్రమ లోకానికి అంతగా తెలియదు. అమెరికాలో పుట్టి, ఆస్ట్రేలియా రాజధానికి రూపురేఖలు దిద్ది, మన లక్నో నగరంలో కన్నుమూసిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ అట్టి శ్రమకు జీవితమంతా ధారపోసినవాడు. ఆయన పేరు వినగానే ఎవరికైనా కాన్‌బెర్రా మహానగరమే స్ఫురిస్తుంది. అయితే ఆయన ప్రతిభకు నిజమైన గీటురాయి మరొకటి ఉంది. అది అయోవా రాష్ట్రంలోని మేసన్ సిటీ అనే చిన్న పట్టణంలో, ఒక వాగు గట్టున నిలిచిన కొద్దిపాటి ఇళ్లు.

గ్రిఫిన్ 1876 నవంబరు 24న చికాగో సమీపంలోని మేవుడ్‌లో జన్మించాడు. 1899లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుండి వాస్తుశాస్త్రంలో పట్టభద్రుడయ్యాడు. అక్కడ చదివే రోజులలోనే ఉద్యానవిద్యను కూడా అభ్యసించాడు. మొక్కల మీద, నేల మీద ఆయనకున్న మమకారం తరువాతి కాలంలో గీసిన ప్రతి నమూనాలోనూ కనిపిస్తుంది.

1901లో ఆయన సుప్రసిద్ధ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కార్యాలయంలో చేరాడు. అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతం విశాలమైన గడ్డి మైదానాల సీమ. ఆ మైదానాలను ప్రెయిరీలంటారు. ఆ సమతల భూమికి తగినట్లు ఎత్తు తక్కువగా, అడ్డంగా సాగినట్లుండే గోడలతో, ఏటవాలు తక్కువైన కప్పుతో, గోడలను దాటి ముందుకు చొచ్చుకొని వచ్చే చూరులతో ఇళ్లు కట్టే పద్ధతి అక్కడ రూపొందింది. దానికి ప్రెయిరీ శైలి అని పేరు. ఆ శైలి కీర్తి అంతా రైట్‌కే దక్కినా, దానిని తీర్చిదిద్దినవారిలో గ్రిఫిన్ ఒకడు. 1905లో రైట్ జపాను వెళ్లినప్పుడు కార్యాలయ భారం వహించినది ఆయనే. తనకు రావలసిన సొమ్ముకు బదులుగా రైట్ జపాను చిత్రపటాలను చేతిలో పెట్టడం గ్రిఫిన్‌కు మనస్తాపం కలిగించింది. ఆ కినుక అకారణమని చెప్పలేం. 1906లో ఆయన వేరుపడి స్వతంత్రంగా వృత్తి ప్రారంభించాడు.

ఆ కార్యాలయంలోనే పరిచయమైన మేరియన్ మహోనీని ఆయన 1911లో వివాహమాడాడు. ఆమె మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ నుండి 1894లో పట్టం పొందిన విదుషీమణి, చిత్రలేఖనంలో సాటిలేని హస్తవాసి గలది. గ్రిఫిన్ ఆలోచనకు ఆమె కుంచె కన్నులిచ్చింది. వారి కృషిలో ఇది భర్తది, ఇది భార్యది అని విడదీయబూనడం వృథా ప్రయాస.

ఇక మేసన్ సిటీ విషయం. రైట్ అక్కడ ఒక నివాసానికి, ఒక బ్యాంకుకు, దానితో కలిసి ఉన్న ఒక హోటలుకు నమూనాలు గీశాడు. 1909లో ఆయన ఐరోపాకు వెళ్లిపోయాడు. పట్టణం నడుమ ప్రవహించే విల్లో క్రీక్ అనే వాగు మలుపులో సుమారు 18 ఎకరాల స్థలం ఉండేది. ఒక వైపు నిటారైన సున్నపురాతి గట్టు, మరొక వైపు పల్లపు నేల. రాళ్లు తవ్వి విడిచిపెట్టిన చోటు కావడంతో అక్కడికి పట్టణపు చెత్త చేరేది. ఇళ్లకు పనికిరాదని లోకులు తలచిన ఆ నేలనే గ్రిఫిన్ 1912లో నివాసాలకు ఎంచుకున్నాడు.

సాధారణంగా అమెరికా పట్టణాలలో స్థలాన్ని సమాన చతురస్రాలుగా కోసి, వీధికి అభిముఖంగా ఇళ్లను వరుసదీర్చి కట్టేవారు. ఆ లెక్కన వాగు పెరటి వైపు పడి మురుగుకాలువ అయ్యేది. గ్రిఫిన్ ఆ వరుసను తలక్రిందులు చేశాడు. ఇళ్లన్నిటినీ స్థలం అంచుల వెంబడి నిలిపి, వాటి చూపును లోపలికి, వాగు వైపునకు మళ్లించాడు. నడుమనున్న నేలను కంచెలు లేకుండా అందరికీ ఉమ్మడిగా విడిచాడు. పేజ్, రూల్, బ్లైత్, మెల్సన్ కుటుంబాల కొరకు ఆయన గీసిన ఇళ్లు అక్కడ వెలిశాయి. వీటిలో బ్లైత్ గృహాన్ని ఉక్కుకడ్డీల కాంక్రీటుతో నిర్మించారు. ఆ కాలానికి ఇది సాహసమే. కాని చూపరుల మనస్సును కట్టివేసేది మెల్సన్ గృహం. గట్టు రాతిని పోలిన మొరటు సున్నపురాతితో, గట్టు అంచు నుండే అది పైకి లేస్తుంది. కొండ ఎక్కడ ముగిసిందో, గోడ ఎక్కడ మొదలైందో గుర్తించడం కష్టం.

అదే సంవత్సరం మే నెలలో కాన్‌బెర్రా నగర నిర్మాణ పోటీ ఫలితం వెలువడింది. 137 నమూనాలలో గ్రిఫిన్ దంపతులది ప్రథమ స్థానం పొందింది. మేరియన్ వేసిన మనోహర చిత్రాలు ఆ విజయానికి ఎంతో తోడ్పడ్డాయి. 1914లో వారు ఆస్ట్రేలియాకు తరలివెళ్లారు. మేసన్ సిటీ పని బ్యారీ బర్న్ అనే వాస్తుశిల్పి చేతికి వచ్చింది. తలపెట్టిన ఇళ్లన్నీ పూర్తి కాలేదు.

కాన్‌బెర్రాలో అధికారులతో ఏళ్ల తరబడి పోరాడి, విసిగి, 1920లో గ్రిఫిన్ ఆ బాధ్యత నుండి తప్పుకున్నాడు. ఆ పిమ్మట సిడ్నీ నగరపు శివారులో కాజిల్‌క్రాగ్ అనే నివాస ప్రాంతాన్ని నిర్మించాడు. అక్కడ కూడా రాళ్ల మధ్య ఒదిగిన ఇళ్లు, స్థానిక వృక్షాలు, ఉమ్మడి వనాలు. విల్లో క్రీక్ గట్టున నాటిన ఊహయే సముద్రతీరాన మొలకెత్తిందన్నమాట.

1935లో లక్నో విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి నమూనా గీయడానికి ఆయన భారతదేశం వచ్చాడు. మరుసటి సంవత్సరం మేరియన్ కూడా వచ్చి చేరింది. పయొనీర్ పత్రికా కార్యాలయం, ఒక పారిశ్రామిక ప్రదర్శన మొదలైన వాటికి ఆయన విశ్రాంతి లేకుండా నమూనాలు సిద్ధం చేశాడు. శస్త్రచికిత్స అనంతరం వ్యాధి ముదిరి 1937 ఫిబ్రవరి 11న, అరవై ఏళ్ల వయస్సులో, లక్నోలోనే మరణించాడు. గ్రంథాలయం ఆయన గీసిన రీతిలో రూపొందలేదు. మేరియన్ ఆస్ట్రేలియా మీదుగా చికాగోకు తిరిగి వెళ్లి, 1961లో మరణించింది.

ఆయన ఊహించిన సరస్సు 1964లో కాన్‌బెర్రా నడిబొడ్డున నిండింది. దానికి ఆయన పేరే పెట్టారు. మేసన్ సిటీలోని వాగు గట్టు ఇళ్లు 1979లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కాయి. లక్నోలోని ఆయన సమాధికి మాత్రం 1988 వరకు పేరు చెక్కిన రాయి లేదు.