విశ్వవిద్యాలయ నిర్మాత కట్టమంచి

గొప్ప విద్యాసంస్థ ఒక్కరి వల్ల ఏర్పడదు. ఒకరు మార్గం చూపాలి. ఒకరు ధనం ఇవ్వాలి. పలువురు శ్రమించాలి. ఈ మూడూ కలిసినప్పుడే అది తరతరాలకు నీడనిస్తుంది. ఈ సత్యాన్ని గుర్తించి తెలుగువారి విశ్వవిద్యాలయాన్ని తీర్చిదిద్దిన మహనీయుడు కట్టమంచి రామలింగారెడ్డి.

ఆయన 1880 డిసెంబరు 10న చిత్తూరు సమీపంలోని కట్టమంచి గ్రామంలో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతున్నప్పుడే 'ముసలమ్మ మరణము' అనే కావ్యం రచించారు. తెగిపోనున్న చెరువుకట్టను నిలిపి, ఊరిని కాపాడడానికి ప్రాణాలర్పించిన ఇల్లాలి కథ అది. తరువాత ఉపకారవేతనంతో కేంబ్రిడ్జి వెళ్లి ఉన్నత విద్య నభ్యసించారు.

స్వదేశానికి వచ్చి, కొంతకాలం బరోడాలో పనిచేసి, మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా చేరారు. తమ సంస్థానానికి సొంత విశ్వవిద్యాలయం ఉండాలన్నది మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ఆశయం. అందుకోసం విదేశాల విద్యావిధానాలను పరిశీలించి నివేదిక ఇచ్చినవారిలో రామలింగారెడ్డి ఒకరు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలసింది. అనంతరం ఆయన సంస్థాన విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. మన ఆనేకల్ తాలూకా కూడా ఆనాడు ఆ సంస్థానంలోనిదే. కులభేదం లేకుండా పిల్లలందరికీ బడిలో చోటుండాలని ఆయన కృషి చేశారు.

1926లో బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. రామలింగారెడ్డి దానికి తొలి ఉపకులపతి. విశ్వవిద్యాలయమంటే పరీక్షలు జరిపి పట్టాలిచ్చే కార్యాలయం కాదని, అక్కడ బోధన, పరిశోధన సాగాలని ఆయన ఆకాంక్ష. తరువాత అది వాల్తేరుకు తరలింది. ఇంతలో 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. సత్యాగ్రహులపై ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆయన పదవికి రాజీనామా చేశారు. తలపెట్టిన పని ఇంకా తొలిదశలోనే ఉంది. అయినా ఆత్మగౌరవం కోసం దానిని విడిచి వెళ్లడానికి ఆయన వెనుకాడలేదు.

ఆయన వెళ్లినా ఆశయం ఆగలేదు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతి అయ్యారు. వారిద్దరూ లోగడ మైసూరులో ఆచార్యులుగా పనిచేసినవారే. అదే సంవత్సరం జయపూర్ సంస్థానాధిపతి అయిన విక్రమదేవ వర్మ శాస్త్ర సాంకేతిక విద్యలకోసం ఏటా లక్ష రూపాయల విరాళంతో విశ్వవిద్యాలయాన్ని ఆదుకున్నారు. జయపూర్ నేటి ఒడిశాలో ఉంది. ఆయన ఒరియా, తెలుగు భాషలు రెండింటిలోనూ పండితుడు. ఒక్కసారి ఇచ్చిన సొమ్ముతో భవనం లేస్తుంది. ఏటేటా అందే సొమ్ముతోనే ప్రయోగశాలలు నడుస్తాయి. ఈ దూరదృష్టి ఉన్న దాత పేరు అక్కడి శాస్త్ర సాంకేతిక కళాశాలకు పెట్టారు.

1936లో రామలింగారెడ్డి మళ్లీ ఉపకులపతిగా వచ్చారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలవలసి వచ్చింది. అన్ని ఇబ్బందుల మధ్య ఆయన దానిని నిలబెట్టి, 1949 వరకు నడిపించారు. చివరి రోజుల్లో మైసూరు విశ్వవిద్యాలయానికి తిరిగి సేవలందించారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

రామలింగారెడ్డి చూపు, విక్రమదేవ వర్మ ఈవి, రాధాకృష్ణన్ దక్షత ఒక్కచోట కలిశాయి. కనుకనే ఊరి చెరువు అందరి పొలాలను తడిపినట్లు, ఆ విశ్వవిద్యాలయం ఎందరో పేద విద్యార్థులకు చదువునిచ్చింది.