ఐన్‌స్టీన్ కొడుకు ఇసుక లెక్క.. ఉద్దానం తాగునీటికీ అదే కీలకం!

పలాస, ఇచ్ఛాపురం పల్లెల ఇళ్లకు పైపుల్లో వచ్చేది హిరమండలం రిజర్వాయర్ నీరే. కిడ్నీ జబ్బులతో అల్లాడిన ఉద్దానానికి 2023 డిసెంబర్‌లో ఈ నీళ్లు మొదలయ్యాయి. మరి ఆ రిజర్వాయర్ మట్టితో పూడిపోవడానికి ఎన్నేళ్లు పడుతుంది? ఇలాంటి ప్రశ్నలకు లెక్కలతో దారి చూపిన వారిలో ముందు వినిపించే పేరు ఐన్‌స్టీన్. అయితే మీరు అనుకుంటున్న ఐన్‌స్టీన్ కాదు.. ఆయన పెద్ద కొడుకు హాన్స్ ఆల్బర్ట్!

1904 మే 14న స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఆయన పుట్టారు. పదేళ్ల వయసులోనే అమ్మానాన్న విడిపోయారు. తల్లి మిలేవా దగ్గర జ్యూరిచ్‌లో పెరిగారు. ఇంజినీరింగ్ చదువుతానంటే తండ్రికి అస్సలు నచ్చలేదు. అయినా వెనక్కి తగ్గలేదు. 1926లో సివిల్ ఇంజినీర్ అయ్యారు. జర్మనీలో కొన్నేళ్లు ఉక్కు కట్టడాల డిజైన్ పని చేసి, మళ్లీ జ్యూరిచ్ ల్యాబ్‌కు వచ్చేశారు.

అక్కడే అసలు మలుపు. నీటి వేగం ఒక హద్దు దాటితేనే ఇసుక కదులుతుందని అప్పటి ఇంజినీర్ల లెక్క. హాన్స్ గమనించింది వేరు. రేణువు కాసేపు దొర్లుతుంది.. ఆగుతుంది.. నీటి సుడి లేపితే మళ్లీ కదులుతుంది. ఏ రేణువు ఎప్పుడు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. కానీ లేచే అవకాశం ఎంతో లెక్క కట్టొచ్చు. అచ్చం పాచికల ఆటలా! 1936లో దీనిపైనే డాక్టరేట్ అందుకున్నారు.

1938లో కుటుంబంతో అమెరికా వెళ్లారు. నేల కోతను ఆపే ప్రభుత్వ విభాగంలో చేరారు. 1947 నుంచి బర్క్‌లీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1950లో వచ్చిన ఆయన నివేదిక అడుగున దొర్లే ఇసుకను, నీటిలో తేలుతూ పోయే మట్టిని ఒకే లెక్కలోకి తెచ్చింది. 1973 జులై 26న గుండె ఆగి కన్నుమూశారు. ఆయన పేరిట అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం అవార్డు కూడా ఇస్తోంది.

ఇక మన వంశధార సంగతి. కాట్రగడ్డ దగ్గర సైడ్ వియర్ కడితే నదీగర్భం ఎండిపోయి, నది దారే మారుతుందని ఒడిశా ట్రిబ్యునల్‌లో వాదించింది. 2013లో ట్రిబ్యునల్ ఏపీకి ఓకే చెప్పింది. ఆ వియర్ నుంచి వరద నీరు కాలువ ద్వారా హిరమండలం చేరాలి. చిక్కంతా ఇక్కడే. నది ఎక్కువ ఇసుక, మట్టి మోసేది వరద రోజుల్లోనే! ఉరుకుతున్న నీరు రిజర్వాయర్‌లో నెమ్మదించగానే బరువైన ఇసుక ముందు దిగిపోతుంది. సన్నటి ఒండ్రు లోపలికి వెళ్లి పేరుకుంటుంది. పూడిక పెరిగేకొద్దీ నీటికి చోటు తగ్గుతుంది.

అందుకే ఏటా ఎంత మట్టి వస్తోందో కొలవాలి, లెక్క కట్టాలి. తండ్రి నక్షత్రాల వెలుగును లెక్కగడితే.. కొడుకు కాళ్ల కింది ఇసుకను లెక్కగట్టారు. ఉద్దానం బిందె నిండాలంటే మాత్రం కొడుకు లెక్కే కావాలి!