తంజాపురాధీశుడగు శరభోజి మహారాజు

తంజావూరు చూడబోవు మనవారు సాధారణముగా రైలు దిగి తిన్నగా పెద్దగుడికి పోవుదురు. రాజరాజచోళుడు 1010 వ సంవత్సరమున పూర్తిచేయించిన బృహదీశ్వరాలయమును, రెండువందల అడుగులకు మించిన దాని విమానమును తలయెత్తి చూచి, నందిచుట్టు తిరిగి, సాయంకాలపు బండికి తిరుచునాపల్లి పోవుదురు. ఆ యాలయమున నైరృతిదిక్కు గోడమీద మహారాష్ట్రభాషలో చెక్కబడిన మిక్కిలి పొడవైన శాసన మొకటి కలదు. దానియెదుట నిలుచువారు అరుదు. భోంసలవంశ చరిత్రమును 1803 లో రాతి కెక్కించిన శాసనమది. దానిని చెక్కించిన రాజు పేరు శరభోజి. ఆతని చేతినుండి రాజ్యము జారిపోయి అప్పటికి నాలుగేండ్లయ్యెను. ఆ పట్టణమున చూడదగినవానిలో అనేకములు ఈ రాజ్యహీనుడగు రాజు కూర్చినవే కావున, ఆతని జీవితమును ఎరుగక చూచినవారు వానిని సగమే చూచినవారగుదురని మేము తలచుచున్నాము.

మొదట ఒక పాతకథ చెప్పవలసియున్నది. చోళుల పిమ్మట తంజావూరును మన తెనుగు నాయకరాజులు ఏలిరి. వారి కొలువున తెనుగే రాజభాష. వారిలో రఘునాథనాయకుడు స్వయముగా కవి. సరస్వతీభాండారమను గ్రంథాలయమును పెంచినవారు ఆ వంశమువారే. ఈ రఘునాథుడే 1620 లో సముద్రతీరమున తరంగంబాడి యను చిన్న గ్రామమును డేనుల వర్తకమునకై యిచ్చెను. నూరేండ్లు నిండకమునుపే, 1706 లో, ఆ రేవున లూథరుశాఖకు చెందిన మిషనరీలు దిగిరి. 1750 లో అచ్చటికే ష్వార్ట్సు దొరగారు వచ్చిరి. తెనుగురాజు వర్తకులకిచ్చిన తీరభూమి, ఆతని గ్రంథాలయమును తరువాత కాపాడబోవు బాలునికి ఒక సంరక్షకుని తెచ్చిపెట్టునని ఎవరు తలతురు?

నాయకులు 1673 లో నశింపగా, కొలది యేండ్లలో శివాజీ సవతితమ్ముడగు ఏకోజీ తంజావూరును వశపరచుకొనెను. ఆ మహారాష్ట్ర వంశమున తుళజా మహారాజునకు సంతానము నిలువలేదు. ఆయన 1787 లో మరణశయ్యపై నుండి, తన వంశశాఖలో 1777 వ సంవత్సరమున జన్మించిన శరభోజి యను బాలుని దత్తత గైకొనెను. ష్వార్ట్సు దొరగారిని పిలిపించి బాలుని ఆయన కప్పగింపగోరెను. దొరగారు రాజ్యభారము తమకు తగదని తలచి, తుళజాజీ సవతితమ్ముడగు అమరసింహునికి రాజప్రతినిధిత్వము నొసగుట మేలని సలహా యిచ్చిరి. పరమసాధువులగు వారి యాలోచనలును ఒక్కొక్కప్పుడు తప్పిపోవును. ఆ సలహా బాలునికి చేటు తెచ్చెను.

రాజు గతించినంతనే అమరసింహుడు దత్తత చెల్లదని వాదించెను. చెన్నపట్టణపు గవర్నరు పండితుల నడుగగా, వారును చెల్లదనిరి. అమరసింహుడు సింహాసన మెక్కెను. తొమ్మిదేండ్ల శరభోజి నగరిలో బందీవలె నుంచబడెను. చదువు చెప్పువారిని సరిగా రానిచ్చుటలేదు. మన పాఠశాలలో ఆ వయస్సు బాలురు గంట మ్రోగినతోడనే ఆటస్థలమునకు పరుగిడుదురు. ఆ బాలునికి వెలుతురే కరవు. ష్వార్ట్సు దొరగారు కంపెనీవారికి మరల మరల వ్రాసి, బాలుని బయటికి తెప్పించి, ఉపాధ్యాయుని ఏర్పరచిరి. 1793 లో రాజకుమారుడు తుళజాజీ రాణులతోకూడ చెన్నపట్టణమునకు చేర్చబడెను. అచ్చట గెరిక్కె దొరగారియొద్ద ఆతడు చదివెను. దత్తతను గూర్చి మొదట పండితు లిచ్చిన అభిప్రాయము న్యాయమైనది కాదని ఇంతలో వెల్లడియయ్యెను.

శరభోజి పట్టాభిషేకమును ష్వార్ట్సు దొరగారు కన్నులార చూడలేకపోయిరి. 1798 ఫిబ్రవరి 13 వ తేదీన ఆయన గతించిరి. రాకుమారుడు కడసారి చూపునకు వచ్చువరకు ఖననమును ఆపియుంచిరి. ఆతడు వచ్చి, కన్నీరు కార్చి, దేహముపై బంగారు వస్త్రము కప్పి, సమాధివరకు నడచెను. ఆ యేటనే జూన్ మాసమున శరభోజి రాజయ్యెను.

ఆ రాజత్వము ఒక్క సంవత్సరముమాత్రమే నిండుగానుండెను. 1799 అక్టోబరు 25 వ తేదీ సంధిపత్రముచే దేశపరిపాలన కంపెనీవశమయ్యెను. రాజునకు కోటయు, ఏటేట లక్ష పూవరహాలును, నికరపు శిస్తులో అయిదవ వంతును మిగిలినవి. ఇరువదిరెండేండ్ల యువకునికి పని లేదు, ధనము కలదు. ఇట్టివారు ఏమగుదురో మన దేశపు సంస్థానముల చరిత్రమెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

శరభోజి చదువుకొనెను. నాయకులనాటి భాండారమును తీసి, పాడైన ప్రతులకు మరల ప్రతులు వ్రాయించెను. 1820 లో కాశీయాత్రకు పోయినప్పుడు గొప్ప పరివారముతో పోయి, గంగాతీర్థముతోపాటు సంస్కృత గ్రంథములనుగూడ సంపాదించి తెచ్చెను. ఐరోపాఖండమునుండి పుస్తకములను వేలకొలది తెప్పించి, అనేక పుస్తకములపై ఆంగ్లములో తన సంతకము చేసెను. ఆ సంతకములను నేటికిని చూడవచ్చును. దేవనాగరి యక్షరములతో ముద్రాయంత్రము స్థాపించి, ఈసపు నీతికథలను మహారాష్ట్రభాషలో అచ్చువేయించెను. ధన్వంతరి మహలున దేశీయవైద్యులను, పాశ్చాత్యవైద్యులను చేర్చి ఔషధములను పరీక్షింపజేసెను. కంటి రోగుల స్థితిని చిత్రములతో సహా వ్రాసియుంచిన పత్రములు సరస్వతీమహలున భద్రముగానున్నవి. ఆస్పత్రులలో రోగి వివరములు వ్రాయు పద్ధతి నేడు మనకు వింతకాదు గాని, ఆ కాలమున ఒక దేశీయ ప్రభువునకు అది తోచుట విశేషమే. 1826 లో బిషపు హీబరు దొరగారు తంజావూరు వచ్చి ఈ రాజుతో మాటలాడి, లవోయిజియరు రసాయనశాస్త్రమును, లిన్నేయసు వృక్షశాస్త్రమును ఆతడు ఎరిగియుండుట కాశ్చర్యపడిరి. పాపము, దొరగారు కొలది దినములకే తిరుచునాపల్లిలో స్నానకుండమున మృతినొందిరి.

రామేశ్వరయాత్రికులకై పూర్వులు కట్టించిన సత్రములను కంపెనీ పాలనలోనికి పోనీయక తనయధీనముననే యుంచుడని ఆతడు వేడుకొనెను. ఒరత్తనాడు ముక్తాంబాసత్రము ఆతడు కట్టించినదే.

ఆతని నింత పొగడిన మేము ఒక విషయమును దాచరాదు. పట్టుకోట ప్రాంతమున సముద్రతీరమున మనోరా యను ఎనిమిది అంతస్తుల గోపుర మొకటి నిలిచియున్నది. నెపోలియనుపై ఆంగ్లేయులు పొందిన జయమునకు గుర్తుగా శరభోజి దానిని కట్టించెను. తన రాజ్యమును గైకొన్నవారి జయమునకు తన ధనముతో గోపురము కట్టుట మాకు రుచింపదు. భయముచేత కట్టెనో, స్నేహముచేత కట్టెనో, రెండును కలసియుండెనో! యాత్రికులు దానిని గాలికొరకును సముద్రదృశ్యముకొరకును ఎక్కుదురు.

కోటలో శివగంగ చెరువుప్రక్కన 1779 లో ష్వార్ట్సు దొరగారు కట్టించిన దేవాలయము కలదు. అందులో ఫ్లాక్స్‌మను అను ఆంగ్లశిల్పి చెక్కిన చలువరాతి ఫలకమును శరభోజియే తెప్పించెను. శయ్యపై గురువు, ఆయన చేయి పట్టుకొనిన రాజు, తలవైపున గెరిక్కె దొరగారు, పాదములచెంత బడిపిల్లలు. గురువుగారి సమాధిఫలకముపై చెక్కిన ఆంగ్లపద్యమును రాజే కూర్చెను. ఆయినను శరభోజి కడవరకు తన పూర్వుల మతమునందే యుండెను. గురువు శిష్యుని విడువలేదు. శిష్యుడు గురువును మరువలేదు. మిషనుపాఠశాలలో పనిచేయు మావంటివారము ఆ ఫలకముముందు కొంచెము ఎక్కువసేపు నిలువవలెను.

శరభోజి 1832 మార్చి 7 వ తేదీన మరణించెను. కుమారుడగు రెండవ శివాజీ 1855 లో పురుషసంతతి లేక గతింపగా, కంపెనీవారు వంశమునకు మిగిలిన రాజచిహ్నములనుగూడ తీసివేసిరి. బర్నెలు దొరగారు సంస్కృతగ్రంథములకు పట్టిక తయారుచేసిరి. 1918 లో గ్రంథాలయము ప్రజలకు తెరవబడెను. అందు నేడు దాదాపు నలువదితొమ్మిదివేల వ్రాతప్రతులున్నవి. వానిలో మన తెనుగుప్రతులు కొన్నివందలు. నాయకుల కొలువున ఆడిన యక్షగానములు అందులోనివే.

తంజావూరు పోవువారు పెద్దగుడి చూచిన పిమ్మట ఒక పూట నగరికొరకు ఉంచుకొందురుగాక. గ్రంథాలయమునకు సమీపముననే పాత నాయకుల దర్బారుమంటపము కలదు. అచ్చట షాంట్రీ యను శిల్పి చెక్కిన శరభోజి చలువరాతివిగ్రహము నిలిచియున్నది. త్రికోణాకారపు తలపాగా ధరించి, రెండు చేతులు జోడించి, వచ్చినవారికెల్ల నమస్కరించుచున్నట్లుండును.