ఉపవాసం ఉన్న కుందేలు: ఫ్రెడరిక్ బాంటింగ్ జీవితం

నవంబరు 14 అనగానే మనకి నెహ్రూ గారి పుట్టినరోజు, స్కూల్లో పంచిన చాక్లెట్లు గుర్తొస్తాయి. అదే రోజు ప్రపంచ డయాబెటిస్ దినం కూడా. ఆ తేదీనే ఎందుకంటే, 1891లో ఆ రోజున కెనడాలోని ఆలిస్టన్ అనే ఊరి దగ్గర ఒక రైతు ఇంట్లో ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టాడు. ఇన్సులిన్ కనిపెట్టింది ఎవరు అని అడిగితే అందరూ చెప్పే పేరు అతనిదే.

నేను మాత్రం బాంటింగ్ గురించి చదవడం మొదలుపెట్టింది నెహ్రూ గారి వల్ల కాదు, మా అమ్మమ్మ వల్ల. అమ్మమ్మ చాలా ఏళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటోంది. పోయినేడాది ఒక కార్తీక సోమవారం ఉపవాసం ఉంది. కానీ పొద్దున్నే అలవాటు ప్రకారం ఇంజెక్షన్ వేసేసుకుంది. పదకొండు దాటేసరికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. నన్ను చూసి మావయ్య పేరు పెట్టి పిలిచింది. అమ్మ వేలికి సూది గుచ్చి మీటర్లో చూస్తే షుగర్ 48. ఇంకా మింగగలుగుతోంది కాబట్టి వెంటనే గ్లూకోజ్ నీళ్లు తాగించింది. కాసేపటికి తేరుకుంది. రోజూ ప్రాణం నిలబెడుతున్న మందే ఆ రోజు ప్రాణం మీదికి ఎలా తెచ్చిందన్నది నాకు అర్థం కాలేదు. సమాధానం బాంటింగ్ కథలో దొరికింది.

బాంటింగ్ అయిదుగురు పిల్లల్లో చివరివాడు. చదువులో మెరిసిన కుర్రాడేం కాదు. టొరంటో యూనివర్సిటీలో ఆర్ట్స్ కోర్సులో చేరి మొదటి ఏడాది తప్పాడు. తర్వాత 1912లో మెడిసిన్‌లో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో డాక్టర్లు కావలసి వచ్చి కోర్సు త్వరగా ముగించారు. సైన్యంలో డాక్టరుగా ఫ్రాన్స్ వెళ్లాడు. 1918లో కాంబ్రే దగ్గర చేతికి గుండు ముక్క తగిలింది. గాయంతోనే మిగతా సైనికులకి వైద్యం చేసినందుకు మిలిటరీ క్రాస్ పతకం ఇచ్చారు.

తిరిగొచ్చాక 1920 జూలైలో కెనడాలోనే ఉన్న లండన్ అనే ఊళ్లో క్లినిక్ తెరిచాడు. మొదటి నెల సంపాదన నాలుగు డాలర్లు. ఇల్లు గడవడం కోసం అక్కడి యూనివర్సిటీలో పార్ట్ టైమ్ పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నాడు. అక్టోబరు 30 రాత్రి, శరీరం చక్కెరను ఎలా వాడుకుంటుందో చెప్పే పాఠం కోసం తయారవుతూ, క్లోమం గురించి వచ్చిన ఒక వ్యాసం చదివాడు. నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున రెండు గంటలకి లేచి ఒక ఆలోచన నోట్‌బుక్కులో రాసుకున్నాడు. అందులో డయాబెటిస్ అన్న మాటకి స్పెల్లింగు కూడా తప్పు రాశాడు.

అప్పటికి ఈ జబ్బుకి మందు లేదు. క్లోమం తీసేస్తే కుక్కకి షుగర్ వస్తుందని 1889లోనే తెలిసింది. క్లోమం నుంచి రసం తీసి మందుగా వాడాలని కొందరు ప్రయత్నించారు, దుష్ఫలితాలు చూసి ఆగిపోయారు. కాబట్టి డాక్టర్ల చేతిలో ఉన్న ఒకే ఒక్క దారి పస్తు. షుగర్ వచ్చిన పిల్లలకి రోజుకి కొన్ని వందల క్యాలరీలు మించకుండా పెట్టేవాళ్లు. జబ్బుతో వెంటనే చనిపోకుండా, ఆకలితో మెల్లగా చనిపోయేవాళ్లు.

బాంటింగ్ తన ఆలోచన పట్టుకుని టొరంటోలో ప్రొఫెసర్ మెక్లాయిడ్ దగ్గరకి వెళ్లాడు. ఆయనకి పెద్దగా నమ్మకం కలగలేదు. అయినా ఒక ల్యాబు, కొన్ని కుక్కలు, ఛార్లెస్ బెస్ట్ అనే స్టూడెంట్‌ని ఇచ్చాడు. బెస్ట్‌కి అప్పుడు 22 ఏళ్లు. 1921 మే నెలలో పని మొదలైంది. ఎండాకాలమంతా ఆ వేడి గదిలో ఆపరేషన్లు చేశారు. చాలా కుక్కలు చనిపోయాయి. జూలై చివరికి, క్లోమం రసం ఎక్కించిన కుక్కలో షుగర్ దిగడం కళ్లారా చూశారు. మార్జరీ అనే కుక్క క్లోమం లేకుండానే సుమారు 70 రోజులు బతికింది. డిసెంబరులో జేమ్స్ కొలిప్ అనే బయోకెమిస్ట్ జట్టులో చేరాడు.

1922 జనవరి 11న టొరంటో జనరల్ హాస్పిటల్లో లెనర్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి బాంటింగ్, బెస్ట్ తయారు చేసిన రసం ఎక్కించారు. ఆ అబ్బాయి బరువు 65 పౌన్లు, అంటే 30 కిలోలు కూడా లేడు. షుగర్ కొంచెం దిగింది. కానీ మందులో మలినాలు ఎక్కువ. సూది గుచ్చిన చోట గడ్డ కట్టింది. ఆపేశారు. కొలిప్ రాత్రింబవళ్లు కూర్చుని రసాన్ని శుద్ధి చేశాక, జనవరి 23న మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి షుగర్ 520 నుంచి 120కి దిగింది. మనం సినిమాల్లో చూసే కథలు ఇక్కడితో శుభం కార్డు వేసేస్తాయి. నాకైతే అసలు కథ ఇక్కడ మొదలైందనిపించింది.

కొలిప్ తన మందు బలం ఎంతో చూడటానికి మామూలు కుందేళ్లకి ఎక్కించేవాడు. జబ్బు లేని కుందేలుకి కూడా షుగర్ దిగేది. మోతాదు ఎక్కువైతే కుందేలు వణికి, మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుని, అలా వదిలేస్తే చనిపోయేది. వెంటనే గ్లూకోజ్ ఎక్కిస్తే లేచి కూర్చునేది. ఇన్సులిన్‌కి ఆగడం తెలియదని అప్పుడు అర్థమైంది. మన క్లోమం అవసరాన్ని బట్టి క్షణక్షణం ఇన్సులిన్‌ని పెంచుతుంది, తగ్గిస్తుంది. బయటనుంచి ఎక్కించిన మందుకి ఆ తెలివి లేదు. తిన్నామా లేదా అని అది అడగదు. దాని పని అది చేసుకుపోతుంది.

మొదటి కొలత కూడా ఆ కుందేళ్ల నుంచే వచ్చింది. ఒక రోజంతా ఉపవాసం ఉంచిన కుందేలులో కొన్ని గంటల్లో షుగర్‌ను 45 దగ్గరకి దించే మొత్తాన్ని ఒక యూనిట్ అన్నారు. మనుషులకి అది మరీ పెద్దదని తర్వాత చిన్నది చేశారు. ఇది చదవగానే నేను పుస్తకం మూసేశాను. ఉపవాసం ఉన్న కుందేలు 45. ఉపవాసం ఉన్న మా అమ్మమ్మ 48. మందు తప్పు చెయ్యలేదు. అన్నం రాకపోయినా మందు వచ్చేసింది, అంతే.

బాంటింగ్‌కి ఆ ఏడాది అంతా పరీక్షే. ఎక్కువ మందికి సరిపడా చేయబోతే మందు బలం పోయింది. చిన్న గాజు పాత్రలో కుదిరిన పద్ధతి పెద్ద యంత్రంలో కుదరలేదు. కొన్ని వారాల పాటు అసలు తయారు చేయలేకపోయారు. వార్త బయటికి వచ్చేసింది, తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని వస్తామంటున్నారు, ఇవ్వడానికి మందు లేదు. జట్టులో గొడవలు ఎక్కువయ్యాయి. ఒక దశలో బాంటింగ్, కొలిప్ కొట్టుకునే దాకా వెళ్లారు. తన ఆలోచనని మిగతావాళ్లు లాగేసుకుంటున్నారని బాంటింగ్ అనుమానం. రాత్రుళ్లు తాగుడు కూడా మొదలైంది. మహానుభావుల కథల్లో ఈ భాగం దాచేస్తారు కానీ, నాకు అతను మనిషిగా కనబడింది ఇక్కడే.

మే నెలకి మందు మళ్లీ కుదిరింది. కానీ ఒక బ్యాచ్ బలం ఇంకో బ్యాచ్‌కి ఉండేది కాదు. నిన్న సరిపోయిన మోతాదు ఈరోజు తక్కువ కావచ్చు, ఎక్కువై పడేయొచ్చు. బాంటింగ్ క్లాస్‌మేట్ జో గిల్‌క్రిస్ట్ ఒక డాక్టరు, అతనికీ షుగర్ ఉంది. కొత్త బ్యాచ్‌లని రోగులకి ఇచ్చేముందు తన మీదే వేసుకుని చూసేవాడు. మనిషి రూపంలో ఉన్న కుందేలుగా మారాడన్నమాట. ఏ విగ్రహమూ లేని ఇతని గురించి కూడా మనం తెలుసుకోవాలి.

ఆగస్టులో ఎలిజబెత్ హ్యూస్ వచ్చింది. అమెరికా విదేశాంగ మంత్రి కూతురు. పదిహేనేళ్లు నిండబోతున్న ఆ అమ్మాయి బరువు 45 పౌన్లు, సుమారు 20 కిలోలు. మూడేళ్లు పస్తులతోనే బతికింది. బాంటింగ్ ఆమెకి రోజూ ఇన్సులిన్ ఇస్తూ, తిండి మెల్లగా పెంచుతూ పోయాడు. అప్పటి ఇంజెక్షన్ ఇప్పటిలాంటిది కాదు. సూది లావు, మందు ఎక్కువ, నొప్పి ఎక్కువ. ఎలిజబెత్ తన ఇంజెక్షన్ తనే వేసుకోవడం నేర్చుకుంది. ఏం తింటోందో తూచుకుని లెక్క రాసుకునేది. షుగర్ పడిపోతే నోట్లో వేసుకోవడానికి మిఠాయి దగ్గర పెట్టుకునేది. అలా కొన్ని నెలల్లోనే మామూలు ఆడపిల్లలా ఇంటికి తిరిగి వెళ్లింది.

ఈ అమ్మాయి చేసినవే ఇవాళ్టికీ నియమాలు. మందు, తిండి, లెక్క, జేబులో చక్కెర. షుగర్ 70 కంటే తగ్గితే సుమారు 15 గ్రాముల గ్లూకోజ్ గాని చక్కెర గాని తీసుకుని, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తీసుకోవాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒకేచోట రోజూ గుచ్చితే అక్కడ కొవ్వు గడ్డకట్టి మందు సరిగ్గా ఎక్కదు కాబట్టి చోటు మారుస్తూ ఉండాలి. ఒకరి సూది, ఒకరి పెన్ను ఇంకొకరు వాడకూడదు. వాడని సీసాలు ఫ్రిజ్‌లో ఉండాలి, కానీ గడ్డకట్టే చోట కాదు.

1922 చివర్లో ఎలై లిల్లీ కంపెనీలో జార్జ్ వాల్డెన్ అనే కెమిస్ట్ మందుని ఇంకా శుద్ధంగా, నిలకడగా తీసే పద్ధతి కనిపెట్టాడు. అప్పటినుంచి బ్యాచ్‌ల మధ్య తేడా తగ్గింది. యూనిట్ అంటే ఎక్కడైనా ఒకటే అయ్యింది. అయినా ఒక చిక్కు మన దగ్గర ఇంకా మిగిలి ఉంది. మన మెడికల్ షాపుల్లో దొరికే సీసాల్లో చాలావరకు మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉంటాయి, పెన్నుల్లో వాడేవాటిలో 100 ఉంటాయి. సిరంజీలు కూడా రెండు రకాలు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ రంగు మూత. 100 మందుని 40 సిరంజీతో పది గీతల దాకా లాగితే పది యూనిట్లు అనుకుని పాతిక వేసుకున్నట్టు. తిరగేసి చేస్తే పదికి నాలుగే వెళ్తాయి. మనం కోడ్‌లో యూనిట్లు కలిపేస్తే ప్రోగ్రాం తప్పు జవాబు ఇస్తుంది, మళ్లీ రన్ చేసుకోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. సీసా మీద అంకె, సిరంజీ మీద అంకె ఒకటేనా అని చూడటానికి అయిదు సెకన్లు చాలు.

పేటెంటుని బాంటింగ్, బెస్ట్, కొలిప్ తలా ఒక డాలరుకి టొరంటో యూనివర్సిటీకి ఇచ్చేశారు. 1923లో నోబెల్ బాంటింగ్‌కి, మెక్లాయిడ్‌కి వచ్చింది. బెస్ట్‌ని వదిలేశారని బాంటింగ్‌కి కోపం వచ్చి, తన వాటా డబ్బులో సగం బెస్ట్‌కి ఇచ్చాడు. మెక్లాయిడ్ తన వాటాని కొలిప్‌తో పంచుకున్నాడు. అప్పుడు బాంటింగ్ వయసు 32. వైద్యంలో అంత చిన్న వయసులో ఆ బహుమతి అందుకున్నవాళ్లు ఇప్పటికీ ఇంకెవరూ లేరు.

ఆ తర్వాత అతను ఎన్నో పరిశోధనలు చేశాడు కానీ అంత పెద్దది మళ్లీ దొరకలేదు. బొమ్మలు వేయడం అంటే ఇష్టం. 1927లో చిత్రకారుడు ఏ.వై. జాక్సన్‌తో కలిసి ఉత్తర ధ్రువ ప్రాంతం దాకా వెళ్లి మంచు కొండల బొమ్మలు గీశాడు. 1934లో సర్ బిరుదు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమాన పైలట్ల ఆరోగ్యం మీద పనిచేస్తూ ఇంగ్లండ్ బయలుదేరాడు. 1941 ఫిబ్రవరిలో న్యూఫౌండ్‌లాండ్‌లో విమానం కూలి, 49 ఏళ్లకే చనిపోయాడు.

లెనర్డ్ థాంప్సన్ మరో పదమూడేళ్లు బతికి 1935లో నిమోనియాతో పోయాడు. ఎలిజబెత్ పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది, జీవితాంతం నలభై వేలకి పైగా ఇంజెక్షన్లు వేసుకుని 1981లో 73 ఏళ్ల వయసులో కన్నుమూసింది. బాంటింగ్ ఇచ్చింది మందు. దాన్ని రోజూ తిండితో సరిచూసుకుంటూ ఒక జీవితంగా మార్చుకుంది ఆ అమ్మాయి.

ఈ కార్తీకంలో అమ్మమ్మ పంతులు గారి కంటే ముందు డాక్టరు గారిని అడిగింది. డోసు ఎవరికి వాళ్లు మార్చుకోకూడదు, మానెయ్యకూడదు, ఉపవాసం అనుకుంటే ముందే చెప్పాలి అన్నారాయన. అమ్మమ్మకి పూర్తి ఉపవాసం వద్దన్నారు. తను కాసేపు అలిగి, తర్వాత ఒప్పుకుంది. ఇప్పుడు మా దేవుడి గదిలో అగ్గిపెట్టె పక్కన ఒక గ్లూకోజ్ పొట్లం ఉంటుంది. దీపం పెట్టేటప్పుడల్లా అది ఉందో లేదో చూసే పని నాకు అప్పజెప్పారు.