మోటారును విప్పి చూచిన నాయుడుగారు

విజయవాడలో బందరు రోడ్డును చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి అడ్డగించు కూడలికి బెంజ్ సర్కిల్ అని పేరు. పూర్వమచ్చట బెంజ్ లారీల వర్తకశాల యుండెడిదనియు, అందుచే ఆ పేరు కలిగినదనియు ఊరివారు చెప్పుకొందురు. 2020లో దానిమీదుగా పైవంతెన వెలసినను పేరు మాత్రము మారలేదు. ఆటోనగరునకు పోవు మెకానిక్కు మొదలు ఉయ్యూరు నుండి వచ్చు రైతు వరకు అందరును ఒక జర్మను దేశీయుని పేరును దినమునకు పదిమార్లు పలుకుదురు. ఆయన యెవరో తెలిసి పలుకువారు కొలదిమంది.

కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న తన మూడు చక్రముల పెట్రోలు బండికి పేటెంటు కోరెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, ఆ బండిని మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైగా నడిపెను. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని శుభ్రపరచెను. మందుల అంగడిలో ఇంధనము కొనెను. అరిగిన బ్రేకు దిమ్మెలకు చెప్పులు కుట్టువానిచే తోలు వేయించెను. బండికి యజమాని యనగా దాని లోపలి సంగతి ఎరిగినవాడని ఆ యిల్లాలు ఆనాడే చూపినది.

తెలుగువారిలోను అట్టి యజమాని యొకరు కలరు. వారి పేరు మన కూడళ్లలో వినబడదు. ఆయన కోయంబత్తూరు జి.డి. నాయుడుగారు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామమున జన్మించిరి. విజయనగర, నాయకరాజుల కాలమున దక్షిణమునకు తరలిపోయి, సేద్యము చేసికొనుచు, ఇంట తెలుగును వీధిలో అరవమును పలుకు కుటుంబములు ఆ ప్రాంతమున అనేకము. వానిలో వారిదొకటి. కన్నతల్లి శైశవముననే గతించినది. చదువు అబ్బలేదు. పంతులుగారి కండ్లలో ఇసుక కొట్టి బడి విడిచిన కథను కోయంబత్తూరున నేటికిని చెప్పుకొందురు. అది మెచ్చదగిన పని కాదు. కాని ఆ పిల్లవాడే ఏబది యేండ్లు దాటిన పిమ్మట ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలయ్యెననుట గమనింపదగినది.

ఒకనాడు ఆంగ్లేయుడగు రెవెన్యూ అధికారి యొకడు మోటారు సైకిలుపై వచ్చుట ఆ కుఱ్ఱవాని కంటబడెను. ఎద్దును గాని గుఱ్ఱమును గాని కట్టకయే పరుగిడు బండి! చూచి అబ్బురపడినవారు ఇతరులును ఉందురు. ఇతడు మాత్రము కోయంబత్తూరు చేరి, హోటలులో వడ్డన పనికి కుదిరి, ఏండ్ల తరబడి జీతము కూడబెట్టి, 300 రూపాయలు పోసి మోటారు సైకిలును కొనెను. కొన్న పిమ్మట చేసిన పని మరియు విచిత్రము. దానినెక్కి ఊరేగుట మాని, ఒక్కొక్క మరమేకును ఊడదీసి, భాగములన్నింటిని నేలపై పరచి, వరుస తప్పక తిరిగి బిగించెను. బిగించినదానిని మరల విప్పెను. ఆయనకు గురువును, గ్రంథమును, కళాశాలయు ఆ యంత్రమే.

నడుమ ప్రత్తి వర్తకమున దిగి, గడించినదానిని బొంబాయిలో పోగొట్టుకొనిరి. 1920లో రాబర్ట్ స్టేన్స్ అను ఆంగ్ల వర్తకుని సాయముతో ఒక బస్సును సంపాదించి, పొల్లాచ్చి, పళని పట్టణముల నడుమ స్వయముగా తోలిరి. చెడినచో బాగుచేయువారును తామే. ఆ ఒక్క బస్సే పెరిగి పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అను పెద్ద సంస్థయైనది. జనము నిండువరకు బస్సును కదల్పని ఆ దినములలో నాయుడుగారి బస్సులు గడియారమును చూచి కదలెడివి. టికెట్లు ఇచ్చుటకు యంత్రమును, ఇంజను అదురును పరీక్షించుటకు వేరొక పరికరమును ఆయన కల్పించెనని జీవితచరిత్రలు తెలుపుచున్నవి. ఈ రెండవది ముఖ్యము. బస్సు దారిలో నిలిచిపోయిన పిమ్మట విచారించుట అందరు చేయునదే. నిలువకముందే దాని నాడి చూచుట నాయుడుగారి పద్ధతి.

1937లో బాలసుందరం నాయుడుగారితో కూడి, దేశమున మొట్టమొదటి విద్యుత్ మోటారును తమ కర్మాగారము నుండి వెలువరించిరి. గడ్డము గీయు విద్యుత్ యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, పండ్ల రసము తీయు సాధనము, మోసమునకు తావీయని వోటు యంత్రము మొదలగునవన్నియు ఆయన కల్పనలే. 1936లో లండనులో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను తమ కెమెరాతో చలనచిత్రముగా తీసిరి. 1944లో మోటారు వ్యాపారము నుండి విరమించి, ఆర్థర్ హోప్ పేర సాంకేతిక విద్యాలయములకు ధనమిచ్చి, 1945లో కళాశాల ప్రిన్సిపాలు పదవిని వహించిరి. ఇంజనీరింగుకు నాలుగేండ్లు అనవసరమనియు, రెండేండ్లు చాలుననియు ఆయన పట్టుపట్టగా ప్రభుత్వము అంగీకరింపలేదు. ఆయన తప్పుకొనిరి. ఆ కళాశాలయే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. ఈ వాదములో ఆయన పక్షమే సరియని చెప్పుట కష్టము. తాను హోటలులో వడ్డించి నేర్చిన విద్యను ప్రతి విద్యార్థియు అంత త్వరగా నేర్చునని ఆయన తలంచి యుందురు.

ఆయన జీవితమున మిక్కిలి బాధాకరమగు ఘట్టము 1952 నాటిది. ఆ యేట ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును నిర్మించి, దాని వెల 2,000 రూపాయలని చెప్పిరి. కారు జమీందారులకు, మిల్లు యజమానులకు, పెద్ద వకీళ్లకు మాత్రమే అందుబాటులోనున్న కాలమది. కాని 1951 నాటి పరిశ్రమల చట్టముతో ఏ వస్తువును ఎవరు తయారుచేయవలెనో నిర్ణయించు అధికారము కేంద్రము చేతికి వచ్చినది. నాయుడుగారికి లైసెన్సు రాలేదు, కారు ఆగిపోయినది. వేలకొలది కార్లను నిజముగా ఆ వెలకే అమ్మగలిగెడివారా యనుట సందేహాస్పదమే. ఒక కారును చేతితో చేయుట వేరు, లక్ష కార్లను కర్మాగారమున పోతపోయుట వేరు. అయినను పరీక్షించి చూచు అవకాశమైనను ఈయకుండుట న్యాయము కాదు. సామాన్యుని కారు అను మాట 2008లో టాటా నానో వచ్చినపుడును మన దేశమున గట్టిగా వినబడినది. నడుమ 56 ఏండ్లు గడచినవి. పన్నుల భారమునకు నిరసనగా, తాము చేసిన పరికరములను కొన్నింటిని నాయుడుగారు ప్రజల యెదుట తామే పగులగొట్టించిరి. మరమేకు పోకుండ యంత్రములను విప్పి బిగించిన చేతులకు అది యెంతటి శిక్షయో ఊహింపవచ్చును.

నేటి కారులో కంప్యూటరు వచ్చి చేరినది గనుక యజమాని దానిని నేలపై పరచి బిగింపజాలడు. అయినను, తోలుటకు ముందు లోన చూడుము అను నాయుడుగారి వరుస కృష్ణాతీరమున నేటికిని అక్కరకు వచ్చును. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు వీధులు మునిగినపుడు ఇండ్లతోపాటు వాహనములును నీట నానినవి. మునిగి తేలిన కారునకు వెంటనే తాళము త్రిప్పుట పెద్ద పొరపాటు. సిలిండరులో చేరిన నీరు గాలివలె అణగదు. పిస్టను దానిని నొక్కబోగా కనెక్టింగ్ రాడ్ వంగిపోవును. అంతటితో వేలలో తీరు ఖర్చు లక్షలకు పోవును. ముందుగా బ్యాటరీ తీగను విప్పి, కారును లాగించుకొనిపోయి, ప్లగ్గులు తీయించి, నీటిని వెడలగొట్టించవలెను. ఇంజనాయిలు పాలవలె తెల్లబడియున్నచో లోన నీరు చేరినట్లే.

పాత కార్లను ముచ్చటపడి ఉంచుకొనువారు చేయు తప్పు వేరు. గుడ్డకప్పి షెడ్డులో నిలుపుటయే పోషణమని వారు తలంతురు. డెల్టా తేమకు సగము ఖాళీగానున్న పెట్రోలు టాంకు లోపల త్రుప్పుపట్టును. రబ్బరు గొట్టములు బిరుసెక్కి చిట్లును. టైర్లు ఒకేచోట నొక్కుకొని ఆకారము చెడును. ఐదు నిమిషములు ఇంజను మ్రోగించి ఆపుట వలన మేలు లేదు సరిగదా, పొగగొట్టములో తడి మిగిలి దానిని తినివేయును. పదిపదునైదు దినములకొకమారు ఇంజను బాగుగా వేడెక్కునంత దూరము తోలవలెను.

నాయుడుగారు 1974 జనవరి 4న కన్నుమూసిరి. ఆయన వారసులు సేకరించిన పాత కార్ల ప్రదర్శనశాల 2015లో కోయంబత్తూరు అవినాశి రోడ్డున తెరువబడినది. 1886 నాటి బెంజ్ మూడు చక్రముల బండి నమూనా యొకటి అందు కలదు. 2025 అక్టోబరులో అదే రోడ్డుపై పది కిలోమీటర్ల పొడవున వెలసిన పైవంతెనకు నాయుడుగారి పేరు పెట్టిరి.