పేరు తెలియని ప్రధాన నిర్మాత

2023 ఆగస్టు 23వ తేదీ సాయంకాలము, మన తెలుగునేలనున్న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3 నౌక చంద్రునిపై మెల్లగా దిగినపుడు మా విద్యార్థులు పట్టరాని సంతోషముతో చప్పట్లు చరచిరి. ఆ సందడి అణగిన పిమ్మట బాలిక యొకతె, మనుష్యుడు లేని బండి అంత దూరము పోయి ఏమి లాభమని మమ్ము అడిగెను. సేన కదలుటకు ముందు లంక జాడ తెలియుటకై హనుమంతుడు పోవలసివచ్చెను గదా యని చెప్పి ఊరకుంటిమి. ఆ సమాధానము మాకే చాలినట్లు తోచలేదు. అందుచేత, చంద్రునిపై యంత్రమును పగులకుండ దింపవలెనని ఏండ్ల తరబడి పాటుపడి, అది దిగుట చూడకయే కన్నుమూసిన ఒక మహనీయుని కథను ఇచ్చట వ్రాయుచున్నాము.

సెర్గీ కొరొల్యోవ్ 1907 జనవరి 12న ఉక్రెయిన్ దేశమందలి జితోమిర్ పట్టణమున జన్మించెను. తండ్రి మావలెనే బడిలో భాషాసాహిత్యములు బోధించు పంతులు. తల్లిదండ్రులు విడిపోవుటచే బాలుడు నిఝిన్ అను ఊరిలో అమ్మమ్మ తాతల యింట ఒంటరిగా పెరిగెను. ఆ ఊరి మైదానమున ఒకనాడు విమానము నెగురవేసి చూపగా, తాతగారి భుజములపై కూర్చుండి దానిని కన్నార్పక చూచెనట. తరువాత ఒడెస్సా నగరమున గృహనిర్మాణపు పనులు నేర్పు వృత్తి పాఠశాలలో చేరి, ఇంటిపై పెంకులు కప్పుట నేర్చెను. చేతిపనిని చిన్నచూపు చూచు తల్లిదండ్రులు ఈ సంగతి గమనింపవలెనని మా మనవి. అటుపిమ్మట కీవ్‌లోను, మాస్కోలోను ఇంజనీరు విద్య చదివెను. విమాననిర్మాతయైన తూపొలెవ్ ఆయనకు గురువు. 1931లో కొందరు మిత్రులతో కలసి మాస్కోలో రాకెట్టుల సంఘమును నెలకొల్పెను. 1933 ఆగస్టులో వారి మొదటి రాకెట్టు సుమారు 400 మీటర్ల ఎత్తునకు ఎగిరెను.

1938 జూన్ నెలలో ఆయనను బంధించిరి. అది స్టాలిన్ పాలనాకాలము. చేయని ద్రోహమును మోపి, పదియేండ్ల శిక్ష విధించి, సైబీరియా తూర్పు కొసనున్న కొలిమా ప్రాంతపు బంగారు గనికి పంపిరి. అక్కడి చలికిని, ఆకలికిని, చెడ్డ రోగమునకును పండ్లు ఊడిపోయినవి. ప్రాణములతో తిరిగివచ్చుటయే విశేషము. మరల మాస్కోకు తెచ్చినను విడువలేదు. ఖైదీలైన ఇంజనీర్లచే విమానములు గీయించు ఒక కర్మాగారమున ఉంచిరి. అక్కడ ఆయనపై అధికారిగా నున్నది గురువైన తూపొలెవే. ఆ గురువును ఖైదీయే! 1944లో విడుదలయైనను, నిర్దోషియని పూర్తిగా ఒప్పుకొనినది 1957లో. తన్నింత బాధించిన ప్రభుత్వమునకే ఆయన శేషజీవితమంతయు ధారపోసెను. దీనిని దేశభక్తి యనవలెనో, విద్యపై గల తీరని వ్యామోహ మనవలెనో మేము నిర్ణయింపజాలము.

యుద్ధానంతరము జర్మనుల రాకెట్టులను పరిశీలించి, అంతకంటె ఎన్నో రెట్లు బలమైన ఆర్-7 అను రాకెట్టును నిర్మించెను. అది హైడ్రోజన్ బాంబును ఖండాంతరమునకు మోయుటకై తయారైనది. ఆ సంగతి దాచరాదు. అయితే 1957 అక్టోబరు 4న అదే రాకెట్టు 83.6 కిలోల లోహపు గోళమును భూమిచుట్టు తిరుగునట్లు చేసెను. అదియే స్పుత్నిక్. నెల తిరుగక మునుపే లైకా అను కుక్కను పంపిరి. దానిని తిరిగి దింపు ఏర్పాటే లేదు. యంత్రము పోవుట మేలా, ప్రాణి పోవుట మేలా యని అడుగువారు ఆ కుక్కను ఒకసారి తలచుకొనవలెను.

లోకమంతయు స్పుత్నిక్‌ను పొగడినను నిర్మాత పేరు మాత్రము బయటికి రాలేదు. పత్రికలు ప్రధాన నిర్మాత యని మాత్రమే వ్రాసెడివి.

ఆయన చూపు అప్పటికే చంద్రునిపై నిలిచెను. 1958లో మూడు ప్రయత్నములు చెడిపోయినవి. 1959 జనవరిలో పంపిన లూనా-1 గురి తప్పి సూర్యుని చుట్టు తిరుగసాగెను. సెప్టెంబరులో లూనా-2 చంద్రుని తాకెను. మనుష్యుడు చేసిన వస్తువు మరియొక లోకమును తాకుట అదే మొదలు. అక్టోబరులో లూనా-3 ఆవలకు పోయి, ఏ కంటికిని కానరాని వెనుకటి ముఖమును ఫొటోలు తీసెను. ఫిల్మును లోపలనే రసాయనములలో కడిగి, ఆరబెట్టి, బొమ్మను గీత గీతగా రేడియోద్వారా భూమికి పంపెను. మసక చిత్రములే. అయినను అప్పటివరకు ఏ జ్యోతిష్కుడును చూడని దృశ్యమది.

మెల్లగా దింపుట అంతకంటె కష్టము. చంద్రునిపై గాలి లేదు గనుక గొడుగు పనికిరాదు. ఎదురుగా మంట వదలి వేగము తగ్గింపవలెను. పైగా అక్కడ నేల గట్టిదా, దిగినవారిని మ్రింగివేయు లోతైన ధూళియా అని పండితులు వాదులాడుచుండిరి. 1963 మొదలుకొని వరుసగా పదునొకండు ప్రయత్నములు విఫలమయ్యెను. కొన్ని భూమినే విడువలేదు. రెండు చంద్రుని దాటిపోయెను. 1965లోనే మూడు నేలకు కొట్టుకొని పగిలెను. ఆ యేడే ఆయన ఆ పనిని బాబాకిన్ అను మరియొక నిర్మాత చేతికి అప్పగించెను.

1966 జనవరి 14న శస్త్రచికిత్స జరుగుచుండగా కొరొల్యోవ్ మరణించెను. అప్పటికి 59 ఏండ్లు. రెండు దినముల పిమ్మట పత్రికలలో ఆయన పేరును, ఫొటోను చూచి, ఇన్నాళ్లు తాము పొగడిన నిర్మాత ఈతడా యని ఆ దేశప్రజలే ఆశ్చర్యపడిరి. ఫిబ్రవరి 3న లూనా-9 చంద్రునిపై దిగెను. సుమారు 100 కిలోల గోళము నాలుగు రేకులు విచ్చుకొని, చుట్టునున్న రాళ్ల ఫొటోలు పంపెను. అది ధూళిలో మునుగలేదు. నేల గట్టిదే. మూడేండ్ల పిమ్మట 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ నేలపై కాలు మోపెను.

మనుష్యులు అంగారకునికి పోవలెనని కొరొల్యోవ్ కోరిక. అందుకు నౌకల నమూనాలు కూడ వేయించెను. అయినను అంగారకునికిని, శుక్రునికిని ముందు యంత్రములనే పంపెను. అవి దారిలోనే మూగబోయినవి. ఆయన వెనుకటివారు పంపిన వెనీరా-7 శుక్రునిపై దిగి వార్త పంపినది 1970లో. అక్కడి వేడికి సీసము కరగును. గాలి బరువు మన గాలికి సుమారు 90 రెట్లు. శుక్రునిపై పచ్చని అడవు లుండవచ్చునని ఒకప్పుడు తలచిరి! యంత్రము ముందు పోకున్నచో ఆ సంగతి మనుష్యుల ప్రాణములతోనే తెలిసెడిది. యంత్రములు ఎంత దూరము పోయినను, చూచినదానికి మురియుట మనుష్యునిదే. ఆర్-7 వంశపు రాకెట్టుపైననే, హైదరాబాదులో పెరిగిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న అంతరిక్షమునకు పోయెను.

చంద్రునిపై 400 కిలోమీటర్లకు మించిన వెడల్పుగల ఒక పెద్ద గుంటకు కొరొల్యోవ్ పేరు పెట్టిరి. పున్నమినాడు దానికై వెదకకుడని ఆ బాలికతో చెప్పితిమి. అది వెనుకటి ముఖముపై నున్నది.