గుడారంలో కచేరీ: సర్ థామస్ మన్రో జీవితం

మదరసాలో చదువుకున్నవారికి తహసీల్ అనే మాట కొత్తది కాదు. తహసీలె ఇల్మ్ అంటే విద్యను ఆర్జించడం. అరబీలో ఎంతో గౌరవమైన ఆ మాట మన బద్వేలు బజారులోకి వచ్చేసరికి పన్ను వసూలుకు పేరైపోయింది. దాన్ని వసూలు చేసేవాడు తహసీల్దారు. ఆయనకు ఇచ్చుకునేది అర్జీ. ఆయన ముందు నిలబడటం హాజరు. ఊరిలో తగవు తీర్చే మునసబు అసలు మున్సిఫ్, అంటే ఇన్సాఫ్ చేసేవాడు. ఉర్దూ మాట్లాడని రైతు కూడా ఈ మాటలన్నీ తన సొంత తెలుగుగానే వాడుకుంటాడు. నిజానికి అవి అతని సొంతమే. పాలకులు మారినా కచేరీ భాష మారలేదు. మరి కచేరీలో కూర్చునే మనిషి ఎలా ఉండాలి, అతనికీ ఎదుట నిలబడ్డవాడికీ మధ్య ఎవరుండాలి అన్న ప్రశ్న మన సీమలో గట్టిగా తలెత్తింది 1800 తర్వాత. ఆ ప్రశ్నతో జీవితాంతం పెనుగులాడిన అధికారి థామస్ మన్రో.

ఆయన మన మతస్థుడు కాదు, మన దేశస్థుడూ కాదు. మన నేలను ఆక్రమించిన కంపెనీకి సేవకుడు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. అయినా ఒక మనిషి చేసిన పనిలోని మంచిని మంచి అనీ, చెడును చెడు అనీ చెప్పడం న్యాయం కోరేవారి లక్షణం.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో పట్టణంలో పుట్టాడు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అక్కడ స్వాతంత్ర్య యుద్ధం రావడంతో ఆ వ్యాపారం దెబ్బతిని కుటుంబం దివాలా తీసింది. చిన్నప్పుడు తట్టు వచ్చి మన్రోకు చెవులు కొంత మందగించాయి. కొంతకాలం ఒక వర్తకుల దుకాణంలో లెక్కలు రాశాడు. 1780లో సాధారణ సైనిక శిక్షణార్థిగా మద్రాసు ఓడరేవులో దిగాడు. హైదర్ అలీతో, తర్వాత టిప్పు సుల్తాన్‌తో జరిగిన యుద్ధాల్లో కంపెనీ పక్షాన పోరాడాడు. ఆ శిబిరాల్లోనే హిందుస్తానీ, పార్సీ నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో చాలామంది దొరలకు దుబాషీ నోరే తమ నోరు, దుబాషీ చెవే తమ చెవి. మన్రో ఆ దారిని పోలేదు.

1792లో బారామహల్ ప్రాంతంలో కెప్టెన్ రీడ్ దగ్గర పన్నుల పనికి చేరాడు. ఏడేళ్ళు అక్కడ ఊరూరా తిరిగి రైతు బతుకును దగ్గరగా చూశాడు. తర్వాత కొంతకాలం కెనరాలో పనిచేశాడు. 1800 అక్టోబరులో నిజాం నవాబు తన రక్షణకు ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద కడప, బళ్ళారి ప్రాంతాలను కంపెనీకి వదిలేశాడు. వాటికే దత్త మండలాలని పేరు. మన బద్వేలు సీమ కూడా అందులోనే పోయింది. ఆ మండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా మన్రో వచ్చాడు.

అప్పుడు ఇక్కడున్న స్థితి ఊహించుకోండి. ఇరవై ఏళ్ళలో కడప మయానా నవాబుల నుంచి హైదర్‌కు, టిప్పు నుంచి నిజాంకు, నిజాం నుంచి కంపెనీకి చేతులు మారింది. దత్త మండలాల్లో 80 మంది పాలెగాళ్ళు, వారి కింద వేలాదిగా ఆయుధాలు పట్టిన మనుషులు ఉన్నారు. రైతు ఒకే పంటకు ఇద్దరు ముగ్గురికి పన్ను కట్టుకునేవాడు. మన్రో పాలెగాళ్ళను అణిచాడు. కొందరిని తరిమేశాడు, కొందరికి భరణాలు ఇచ్చి కూర్చోబెట్టాడు. అందులో కాఠిన్యం తక్కువేమీ లేదు. 1801లో తెర్నేకల్లులో పన్ను వసూలు మీద లేచిన తిరుగుబాటును కంపెనీ సైన్యం రక్తంతో చల్లార్చింది.

పాలెగాడు పోయాక రైతుకూ సర్కారుకూ మధ్య ఎవరు మిగిలారు? ఊరి రెడ్డి, కరణం, వారి మీద అమీల్దారు. పుస్తకం కరణం దగ్గర ఉండేది. ఎవరి పొలం ఎంత, ఎవరు ఎంత కట్టాలి అన్నది ఆ పుస్తకం చెప్పాలి. కానీ పుస్తకం రాసే చేతికి బంధువులుంటారు, ఇష్టులుంటారు, పగవాళ్ళుంటారు. బలమున్నవాడి భూమి లెక్కలో కుంచించుకుపోయి, దిక్కులేనివాడి భూమి ఉబ్బిపోతుంది. మొత్తం పన్ను సరిపోతుంది కాబట్టి పైవాడికి ఏమీ తెలియదు. ఇది చుట్టరికం చేసే పని. దీన్ని చట్టం రాసి ఆపలేమని మన్రోకు బారామహల్‌లోనే అర్థమైంది.

అందుకే ఆయన రెండు పనులు చేశాడు. మొదటిది కొలత. 1802 నుంచి పొలం పొలమూ కొలిపించాడు. గ్రామపెద్దలను, కరణాలను, ముఖ్యమైన రైతులను కూర్చోబెట్టి నేలల తరగతులు నిర్ణయించారు. ఎవరి పన్ను వారిదే అని రైతు పేరనే పట్టా ఇవ్వడం, అంటే రైత్వారీ, ఇక్కడ అలా వేళ్ళూనింది. రెండో పని ఇంకా పెద్దది, కానీ దస్త్రాల్లో సరిగా కనబడదు. ఆయన కచేరీని గుడారంలో పెట్టాడు. ఆ ఏడేళ్ళలో ఎక్కువ కాలం ఊళ్ళ మధ్యనే గడిపాడు. సిపాయిల దండును వెంట తిప్పుకోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. గుడారం దగ్గరకు రైతులు గుంపులుగా వచ్చి గంటల తరబడి తమ గోడు చెప్పుకునేవారు. చెవులు మందమైన ఆ మనిషి కూర్చొని వినేవాడు. వేషం కూడా పాతది, సాదాది. దొర గారి దగ్గరకు వెళ్ళాలంటే కరణం చేతిలో ఏదో పెట్టాలి అన్న భయం గుడారం దగ్గర కొంతైనా తగ్గుతుంది.

పాఠకులకు ఇక్కడ కూఫా సంగతి గుర్తుకు రావచ్చు. హజ్రత్ సఅద్ (రజి) అక్కడ గవర్నరుగా ఉన్నప్పుడు బజారు గోల పడక తన భవనానికి తలుపు పెట్టించుకున్నారు. ఆ సంగతి తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) మనిషిని పంపి ఆ తలుపును కాల్పించివేశారు. ఆ తలుపు ఒక మహా సహాబీది. అయినా ఉపేక్షించలేదు.

ఇక మామూలు గురించి. అరబీలో మఅమూల్ అంటే ఆచరణలో ఉన్నది, అలవాటుగా జరుగుతున్నది అని అర్థం. కచేరీలో అది లంచానికి ముద్దుపేరైంది. లంచం అంటే ఇచ్చేవాడికీ సిగ్గే, తీసుకునేవాడికీ సిగ్గే. మామూలు అన్నప్పుడు ఎవరికీ సిగ్గు లేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో జకాత్ వసూలుకు వెళ్ళిన ఇబ్నుల్ లుత్బియ్యా తిరిగివచ్చి, ఇది ప్రజలది, ఇది నాకు కానుకగా వచ్చింది అని రెండు కుప్పలు చూపినప్పుడు ప్రవక్త (స) ఎంత కోపగించుకున్నారో హదీసు చదివినవారికి తెలుసు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చొని ఉంటే ఆ కానుక అతనికి వచ్చేదా అన్నదే అక్కడి ప్రశ్న. కానుక మనిషికి వచ్చిందా, కుర్చీకి వచ్చిందా అన్న తేడా అది.

ఈ తేడా ఎంత లోతుకు పోతుందో మన్రోకు తెలిసింది కోయంబత్తూరులో. 1807లో ఇంగ్లండు వెళ్ళి, 1814లో న్యాయవ్యవస్థ సంస్కరణల సంఘానికి అధ్యక్షుడుగా తిరిగివచ్చాక, ఆ జిల్లా వ్యవహారాల మీద విచారణ ఆయనకు అప్పగించారు. అక్కడి ఖజానాదారు కాశీ చెట్టి కలెక్టరు కచేరీని తన మనుషులతో నింపేశాడు. అధికారం చేతిలో ఉండటంతో పొగాకు వ్యాపారమూ అతని గుప్పిట్లోకి వచ్చింది. పండించిన రైతుకు ధర అడిగే నోరు లేదు, ఎందుకంటే కొనేవాడూ వాడే, పన్ను రాసేవాడూ వాడి మనిషే. ఫిర్యాదు చేద్దామంటే దాన్ని అందుకునే చేయి కూడా వాడిదే. పైన కూర్చున్న కలెక్టరు గారో కళ్ళు మూసుకున్నాడు. పొగాకు వ్యాపారంలోనే ఇల్లు గడిచి, దానితోనే చితికిన కుటుంబం నుంచి వచ్చినవాడు ఆ కాగితాలు చదివాడు.

దీన్నుంచి చాలామంది దొరలు తీసిన తీర్పు ఒక్కటే: ఈ దేశస్థులు నమ్మదగినవారు కాదు. మన్రో ఆ తీర్పును ఒప్పుకోలేదు. చాలని జీతమిచ్చి, పెద్ద పదవులన్నీ మూసివేసి, గౌరవం లేకుండా చేసి, ఆపైన నిజాయితీ లేదనడం ఏం న్యాయం అన్నది ఆయన వాదన. ఇంగ్లండునే పరాయివారు జయించి, అక్కడివారిని పదవులకు దూరం పెడితే వారూ కొన్ని తరాల్లో ఇలాగే దిగజారుతారని 1824 డిసెంబరులో గవర్నరు హోదాలోనే రాసిపెట్టాడు. నమ్మకం పొందినవాడే నమ్మకస్తుడవుతాడని ఆయన తన అనుభవం నుంచి గ్రహించాడు. 1816 చట్టాలతో ఊరి మునసబుకు పది రూపాయల లోపు దావాలు తీర్చే అధికారం వచ్చిందంటే దాని వెనుక ఉన్నది ఈ ఆలోచనే.

మరి ఆయన వైఫల్యం? అది చిన్నదేమీ కాదు. కొలతలు న్యాయంగా వేయించినా, పన్ను మాత్రం ఆయన లెక్క ప్రకారమే పంటలో దాదాపు 45 శాతం ఉండేది. వాన లేని మన సీమలో అది ఎవరు కట్టగలరు? 1807లో వెళ్ళిపోయే ముందు నాలుగో వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. సర్కారు వినలేదు. పైగా ఊళ్ళను గుత్తకు ఇచ్చింది, మొదట మూడేళ్ళకు, తర్వాత పదేళ్ళకు. గుత్తదార్లు చాలామంది చితికిపోయారు, వారితో ఊళ్ళూ చితికాయి. గుడారంలో రైతు మాట విన్నవాడి మాటను మద్రాసులో వినేవాడు లేకపోయాడు. 1820 జూన్‌లో ఆయనే మద్రాసు గవర్నరు అయ్యాక గానీ రైత్వారీ, ఆ తగ్గింపుతో సహా, తిరిగి రాలేదు.

పాలెగాళ్ళ భరణాల కథ ఆయన తర్వాత కూడా ముగియలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడటానికి వెనుక ఆ భరణంలో వాటా తగాదా ఉంది. డబ్బు కోసం పంపిన మనిషిని తహసీల్దారు అవమానించాడని జనం చెప్పుకుంటారు. వాటా చిన్నదే. అవమానం చిన్నది కాదు.

గవర్నరుగా ఉన్న ఏడేళ్ళలో మన్రో కంపెనీ ఉద్యోగులు ప్రజల భాష నేర్చుకోవాలని పట్టుబట్టాడు. తెలుగుకు నిఘంటువు కూర్చిన బ్రౌన్ యువకుడుగా కడపకు ఉద్యోగానికి వచ్చింది కూడా 1820లోనే. మన్రో చాలాసార్లు రాజీనామా ఆలోచన చేశాడు. 1827లో ఇక స్వదేశం వెళ్ళడమే అనుకున్నప్పుడు, తన పాత రైతులను ఒకసారి చూసి రావాలని దత్త మండలాలకు బయలుదేరాడు. అది ఎండలు మాని వానలు సరిగా పట్టని కాలం. దారిలో కలరా ఉంది. గుత్తి దాటి పత్తికొండ చేరేసరికి శిబిరంలో కొందరికి సోకింది. జూలై 6న ఉదయం ఆయనకు సోకింది, ఆ రాత్రికే ప్రాణం పోయింది. అప్పుడు కూడా ఉన్నది గుడారంలోనే.

గుత్తిలో ఖననం చేసి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. మద్రాసులో గుర్రం మీద కూర్చున్న ఆయన విగ్రహం 1839లో లేచింది. సీమలో కొన్ని కుటుంబాలు పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నాయి. సర్కారు ఆయన జ్ఞాపకంగా గుత్తిలో ఒక సత్రం కట్టించింది. పత్తికొండలో తోపు నాటించి, బాటసారులు దిగి నీళ్ళు తాగడానికి రాతి మెట్ల బావి తవ్వించింది.